ఒకే గాలివాన, రెండు సెలవులు

పోయిన వారం ఈ కాలమ్‌లో పాస్‌పోర్ట్ రెన్యువల్ గురించి రాసుకున్నాం. ఈ వారం వేరే సంగతి రాద్దామనుకున్నాం గానీ, శుక్రవారం ఒక క్యాంపులో మధ్యాహ్నం భోజనాల దగ్గర జగిత్యాల వైపు తమ్ముడు ఒకడు అడిగిన ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. "అన్నా, తుఫాను వస్తే రేవు మూస్తరు, ఓడలు రావు, దుకాణాలు మునుగుతయి. మరి ఆ నెల మన జీతం ఏడికెల్లి వస్తది?" అన్నాడు.

మేం ముగ్గురమూ ఆఫీసుల్లో కాగితాలు నడిపేవాళ్లం. సరుకు ఎప్పుడు ఎక్కింది, ఎప్పుడు దిగింది, బ్యాంకులో ఏ కాగితం ఇవ్వాలి, దేని మీద ఎవరి ముద్ర పడాలి, ఇదే మా పని. అయినా ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాం. పెరుగన్నం తినేసి చేతులు కడుక్కుని వచ్చేశాం. జవాబు మా పాత ఫైళ్లలోనే ఉందని తర్వాత తోచింది. ఇది ఆ ఫైళ్ల కథే.

2021 సెప్టెంబర్ 26 రాత్రి గులాబ్ అనే తుఫాను శ్రీకాకుళం జిల్లా కళింగపట్నానికి కాస్త ఉత్తరాన తీరం దాటింది. అక్కడితో ఆగలేదు. ఉత్తరాంధ్రను తడిపి, తెలంగాణ మీదుగా పడమరకు నడిచింది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు వాళ్లకు ఆ వాన బాగా గుర్తుండే ఉంటుంది. సెప్టెంబర్ 28న తెలంగాణ ప్రభుత్వం సెలవు ప్రకటించింది. శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తారు. ఊళ్లో చెరువు కట్ట ఉందా తెగిందా అని మనవాళ్లు ఇక్కడి నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఆ వాయుగుండం మహారాష్ట్ర దాటి, గుజరాత్ పక్కగా అరేబియా సముద్రంలో దిగి, వెచ్చని నీళ్ల మీద మళ్లీ బలం పుంజుకుంది. ఈసారి దాని పేరు షాహీన్. అక్టోబర్ 3 రాత్రి ముసన్నా, సువైఖ్ మధ్య ఒమన్ తీరాన్ని తాకింది. ఖాబూరాలో కొన్ని గంటల్లోనే 369 మిల్లీమీటర్ల వాన పడింది. ఇక్కడి ప్రభుత్వం 3, 4 తేదీల్లో సెలవు ఇచ్చింది.

అంటే వారం క్రితం మన ఇంటి కప్పు మీద కురిసిన గాలివానే సముద్రం దాటి వచ్చి మన క్యాంపు కప్పు మీద కురిసింది. పేరు మార్చుకుంది, అంతే. ఊరికి ఒక సెలవు ఇచ్చింది, మనకు ఒక సెలవు ఇచ్చింది. మా కంపెనీకి మాత్రం ఆ రెండో సెలవు చాలా ఖరీదైపోయేది.

జరిగింది ఇదీ. మా కంపెనీ నుంచి విశాఖపట్నంలో ఒక వ్యాపారికి పాలరాయి పంపించాం. ఓడ వెళ్లిపోయింది. సరుకు డబ్బు ఎల్‌సీ మీద రావాలి. ఎల్‌సీ అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్. ఊళ్లో ఎడ్లు కొనేటప్పుడు ఒకరి మీద ఒకరికి గురి కుదరకపోతే, ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషి దగ్గర డబ్బు పెడతారు చూడండి, అదే పద్ధతి. ఎడ్లు తోలుకొచ్చి కట్టేస్తేనే డబ్బు చేతికి వస్తుంది. ఇక్కడ పెద్దమనిషి బ్యాంకు. ఒక తేడా ఉంది. బ్యాంకు ఎడ్లను చూడదు, ఎడ్ల కాగితం చూస్తుంది. ఓడ ఎక్కించినట్టు బిల్ ఆఫ్ లేడింగ్, సరుకు ఒమన్‌దేనని ఛాంబర్ ముద్ర వేసిన సర్టిఫికెట్, ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు అన్నీ గడువులోపు బ్యాంకు కౌంటర్‌లో ఇవ్వాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా, ఒక్క రోజు దాటినా, "డిస్క్రిపెన్సీ" అని వెనక్కి తోసేస్తారు. సరుకు బంగారంలా ఉన్నా సరే.

మా గడువు అక్టోబర్ 4. ఓడ కాగితాలు మా చేతికి వచ్చింది 30వ తేదీ గురువారం సాయంత్రం. శుక్ర, శనివారాలు బ్యాంకు ఉండదు. ఆదివారం పొద్దున్నే ఇచ్చేద్దాం, ఒక రోజు మిగులు కూడా ఉంది కదా అనుకున్నాం. ఇంతలో తుఫాను సెలవు వచ్చిపడింది. మంగళవారం 5వ తేదీ మోకాళ్ల దాకా ప్యాంటు మడిచి బురదలో నడుచుకుంటూ బ్యాంకుకు వెళితే, కౌంటర్‌లో అతను తేదీ చూసి "నిన్నటితో అయిపోయింది" అన్నాడు.

30 వేల రియాళ్ల సరుకు అది. మా కంపెనీ పెద్దదేమీ కాదు. రాయి కోసేవాళ్లు, ఎత్తేవాళ్లు, లారీ తోలేవాళ్లు కలిపి యాభై మందికి ఆ నెల జీతాలు ఆ బిల్లు మీదే ఆధారపడి ఉన్నాయి. తమ్ముడు అడిగిన ప్రశ్న మాకు అప్పుడే ఎదురైందన్న మాట. అప్పుడు అడగడానికి అతను మా పక్కన లేడు, అంతే.

ఇక్కడ చిక్కు ఏమిటంటే, ఎల్‌సీలకు ప్రపంచమంతా ఒకే రూలు పుస్తకం ఉంది. దాన్ని రాసింది ఏ సర్కారూ కాదు, వ్యాపారుల సంఘం. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక, 1919లో కొన్ని దేశాల వర్తకులు కలిసి ఇంటర్నేషనల్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ అనే సంఘానికి పునాది వేశారు. దాని కేంద్రం పారిస్. యుద్ధంలో తెగిపోయిన వ్యాపారాన్ని మళ్లీ అతికించడం వాళ్ల ఉద్దేశం. ఎల్‌సీ రూళ్లను 1933లో మొదటిసారి తెచ్చారు. ఇప్పుడు నడుస్తున్నది యూసీపీ 600, 2007 జులై 1 నుంచి అమల్లో ఉంది. సముద్రంలో తుఫాను వస్తే ఏమిటన్నది ఆ పుస్తకంలో రెండు చోట్ల ఉంది.

29వ ఆర్టికల్ ఏమంటుందంటే, గడువు తేదీన బ్యాంకు మామూలుగా మూసి ఉంటే, బ్యాంకు తెరిచిన తర్వాతి రోజు వరకు గడువు పొడిగినట్టే. 36వ ఆర్టికల్ వేరే మాట అంటుంది. దైవఘటన, అల్లర్లు, యుద్ధం లాంటి వాటి వల్ల బ్యాంకు పని ఆగిపోతే దానికి బ్యాంకు బాధ్యత లేదు, పైగా ఆ ఆగిన రోజుల్లో గడువు తీరిన ఎల్‌సీలకు బ్యాంకు తెరిచాక కూడా డబ్బు ఇవ్వదు. రెండూ పక్కపక్కనే పెట్టి చదవండి. సెలవు సర్కారు ఇచ్చిందా, తుఫాను ఇచ్చిందా? సర్కారు ఇచ్చిందంటే మా డబ్బు బతుకుతుంది. తుఫాను ఇచ్చిందంటే పోతుంది. సర్కారు సెలవు ఇచ్చింది తుఫాను వల్లే. మా మేనేజర్ సార్ తల పట్టుకుని కూర్చున్నారు. బ్యాంకు వాళ్లు పైవాళ్లను అడిగి చెబుతామన్నారు. పైవాళ్లను అడిగి చెప్పడం అంటే ఎన్ని రోజులో మీకూ తెలుసు.

ఆ సాయంత్రం సార్ మాలో ఒకరిని పిలిచి, "మీరూ మీరూ తెలుగే కదా, ఆయనకు నువ్వే ఫోన్ చెయ్యి" అన్నారు. విశాఖ వ్యాపారి పెద్దాయన, అరవై దాటిన మనిషి. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "సార్, నమస్కారమండీ, ఇక్కడ తుఫాను..." అంటుండగానే ఆయన అందుకున్నారు. "ఏటి బాబూ, ఆ తుఫాను మా దగ్గర్నుంచే కదా వచ్చింది! గడువు పొడిగించమంటావు, అంతేనా? రేపు బ్యాంకుకు రాస్తాను. హుద్‌హుద్ అప్పుడు మీవాళ్లు మాకు ఆగారు. నేను మర్చిపోలేదు."

మాకు అర్థం కాలేదు. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖను కొట్టింది. అప్పటికి మాలో ఎవరమూ ఈ కంపెనీలో లేం. పాత ఫైలు తీయించి చూశాం. అందులో ఒక కాగితం ఉంది. విశాఖలోని ఒక వర్తక సంఘం లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు. నగరంలో కరెంటు లేదు, ఫోన్లు లేవు, బ్యాంకులు పనిచేయడం లేదు, మా సభ్యుల చెల్లింపులు కొన్ని రోజులు ఆలస్యమవుతాయి, విదేశీ వ్యాపార మిత్రులు సహకరించాలి అని. కింద ముద్ర. ఆ కాగితం మీద మా పాత మేనేజర్ పెన్సిల్‌తో "ఆగండి" అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టారు. ఆగారు. వడ్డీ అడగలేదు, సరుకు వేరేవాళ్లకు మళ్లించలేదు. ఏడేళ్ల తర్వాత ఆ పెన్సిల్ రాత మాకు 30 వేల రియాళ్లు తెచ్చింది. మూడో రోజుకు గడువు సవరణ వచ్చింది, డబ్బు పడింది, ఆ నెల జీతాలు తేదీకే అందాయి. రాయి ఎత్తే అన్నలకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

మేం చెప్పదలచింది ఇదే. తుఫాను తర్వాత వ్యాపారాన్ని నిలబెట్టేది క్రేన్లూ లారీలూ అని మనం అనుకుంటాం. అవీ కావాలి. కానీ అంతకు ముందు ఒక సంఘం ముద్ర వేసిన కాగితం కావాలి. అవతలివాడు ఎగ్గొట్టడం లేదు, నిజంగానే మునిగాడు అని ఎవరో నమ్మకంగా చెప్పాలి. ఒంటరి వ్యాపారి చెబితే సాకు అనుకుంటారు. సంఘం చెబితే సాక్ష్యం. కరోనా వచ్చిన 2020లో చైనాలో వాళ్ల వాణిజ్య మండలి ఇలాంటి సాక్ష్యపు సర్టిఫికెట్లు వేల సంఖ్యలో ఇచ్చింది. ఇంగ్లీషులో రాసుకునే ఒప్పందాల్లో కూడా దీనికి ఫ్రెంచి మాటే వాడతారు, ఫోర్స్ మజూర్ అని. మన చేతిలో లేని బలం అని అర్థం చెప్పుకోవచ్చు.

ఒమన్‌లో ఈ పని చూసేది ఒమన్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ అండ్ ఇండస్ట్రీ. 1973 నుంచి ఉంది. మన దేశం వైపు నుంచి ఫిక్కీ, అది 1927 నాటిది. ఈ రెండూ కలిసి కూర్చునే ఉమ్మడి వాణిజ్య మండలి ఒకటి ఉంది. ఆ సమావేశాల ఫోటోలు పేపర్లో చూసి, హోటల్లో కూర్చుని టీ తాగి బిస్కెట్లు తిని లేస్తారు, వీటి వల్ల ఏం ఒరుగుతుంది అని మేమూ నవ్వుకున్నవాళ్లమే. విశాఖ ఫైలు చూశాక నవ్వడం తగ్గించాం. ముఖం తెలియనివాడికి అర్ధరాత్రి ఎవరూ ఫోన్ ఎత్తరు. ఆ టీ తాగేది ముఖం తెలియడానికే.

గోను సంగతి కూడా రాయాలి. 2007 జూన్‌లో గోను వచ్చినప్పుడు మేం ఊళ్లో చదువుకుంటున్నాం, అందుకని పాతవాళ్లు చెప్పిందే రాస్తున్నాం. జూన్ 5న రాస్ అల్ హద్ దగ్గర తీరాన్ని తాకింది, 6న మస్కట్ మునిగింది. వాదీ అదై నది అయింది. ఖురుమ్‌లో కార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయట. సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంట్లు ఆగిపోయి, ఊరంతా నీళ్లే అయినా తాగడానికి చుక్క లేక ట్యాంకర్ల దగ్గర లైన్లు కట్టారట. ఈ దేశంలో దాదాపు 50 మంది పోయారు. నష్టం 400 కోట్ల డాలర్ల పైమాట. మినా అల్ ఫహల్ చమురు రేవు మూడు రోజులు మూతపడింది. సూర్ దగ్గర గ్యాస్ ఎగుమతి రేవు బాగా దెబ్బతింది.

సూర్ అంటే మనకు ఇంకో సంబంధం ఉంది. అక్కడ ఓమిఫ్కో అనే ఎరువుల ఫ్యాక్టరీ 2005లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అందులో సగం వాటా ఒమన్‌ది, మిగిలిన సగం మన రైతు సహకార సంఘాలు ఇఫ్కో, క్రిభ్కోలది, చెరి పాతిక శాతం. ఏడాదికి 16 లక్షల టన్నుల పైగా యూరియా తయారు చేసే సామర్థ్యం దానిది. ఆ యూరియా కొనడానికి మన ప్రభుత్వం 15 ఏళ్ల ఒప్పందం రాసుకుంది. మీలో సూర్ వైపు పనిచేసేవాళ్లు కొందరు ఆ ఫ్యాక్టరీ దీపాలు రోజూ చూస్తూనే ఉంటారు. గోను వచ్చింది జూన్‌లో. జూన్ అంటే మన దగ్గర తొలకరి. ఊళ్లో నాన్న నారుమడి దున్నుకుంటూ యూరియా బస్తా కోసం సొసైటీ దగ్గర చెప్పులు లైన్లో పెట్టే నెల. ఆ బస్తా బయల్దేరే తీరానికే ఆ గాలివాన మొదట తగిలింది. కొడుకు ఇక్కడ, బస్తా ఇక్కడ, పొలం అక్కడ. మధ్యలో సముద్రం. ఆ సముద్రం మీద దారి మూసుకుంటే కొడుకు జీతమూ ఆగుతుంది, తండ్రి పైరూ ఎర్రబారుతుంది. వ్యాపార సంబంధాలు అంటే షేఖులకూ సేట్లకూ సంబంధించిన మాట అనుకునేవాళ్లకు ఇది చెప్పాలనిపించింది.

సలాలాదీ అదే కథ. అక్కడి కొండల్లో తవ్వే జిప్సం ఓడల మీద మన దేశానికి వెళ్తుంది, సిమెంటులో కలుస్తుంది. 2018 మే 25న మెకును తుఫాను ఆ రేవు పక్కనే తీరం దాటింది. సలాలాలో ఒక్క రోజులో 278 మిల్లీమీటర్ల వాన. అక్కడ రెండేళ్లలో పడేదాని కంటే ఎక్కువే అది. రేవు మూశారు, ఓడలను ముందే సముద్రంలోకి పంపేశారు. రేవులో కట్టి ఉన్న ఓడ తుఫానుకు గట్టును గుద్దుకుంటుంది, లోతు నీళ్లలో ఉంటేనే దానికి క్షేమం.

ఓడ మాట వచ్చింది కాబట్టి ఇక మా మనసులో ఉన్న అసలు మాట రాస్తాం.

ఓడకు అన్ని జాగ్రత్తలూ ఉన్నాయి. 1855లో లండన్‌లో ఓడల యజమానులు ఒక పరస్పర సహాయ సంఘం పెట్టుకున్నారు. ఒకరి ఓడకు నష్టపరిహారం కట్టాల్సి వస్తే అందరూ తలా కొంత వేసుకుంటారు. మన ఊళ్లో చిట్టీ లాంటిదే అనుకోండి, వేలంపాట ఉండదు. ఇప్పుడు వాటిని పీ అండ్ ఐ క్లబ్బులంటారు. క్లబ్ అనగానే మనకు పేకాట గుర్తొస్తుంది గానీ, ఇవి సముద్ర వ్యాపారానికి వెన్నెముకలు. ఆ క్లబ్బుల చేతే ఓడలో పనిచేసే కళాసీకి కూడా రక్షణ పెట్టించారు. నావికుల కోసం 2006లో చేసిన అంతర్జాతీయ ఒప్పందం 2013 నుంచి అమల్లోకి వచ్చింది. 2017 జనవరి నుంచి దానికి ఒక సవరణ కలిసింది. యజమాని చేతులెత్తేసి పనివాళ్లను నడి సముద్రంలో వదిలేస్తే వాళ్ల తిండి, నీళ్లు, ఇంటికి టికెట్, నాలుగు నెలల వరకు జీతం బకాయి ఇచ్చే హామీ కాగితం ఓడలో ఉండి తీరాలి. ఉండడమే కాదు, పనివాళ్లందరికీ కనబడేలా అతికించి ఉంచాలి.

గోడకు అతికించిన ఆ కాగితం గురించి చదివినప్పుడు మేం మా క్యాంపు గోడలు గుర్తు చేసుకున్నాం. మెస్ మెనూ ఉంది. సిగరెట్ తాగరాదని ఉంది. ఏసీ ఆపమని ఉంది.

2021 అక్టోబర్ 3న, షాహీన్ ఇంకా తీరం తాకకముందే, మస్కట్ దగ్గర రుసైల్ పారిశ్రామిక ప్రాంతంలో కొండ వాలు విరిగి కార్మికుల నివాసం మీద పడింది. ఇద్దరు చనిపోయారు. ఆసియా దేశీయులు అని మాత్రమే వార్తలో వచ్చింది. ఏ దేశమో, ఏ ఊరో, ఇంట్లో ఎవరున్నారో మాకు తెలియదు. మన గడువు తేదీకి 29వ ఆర్టికల్ ఉంది, 36వ ఆర్టికల్ ఉంది, విశాఖ పెద్దాయన మంచి మనసు ఉంది. ఆ ఇద్దరూ పడుకున్న గది కొండ కింద ఉందని ఏ కాగితంలో రాసి ఉంది? సరుకు ఏ గోదాములో, ఎంత ఎత్తున పెట్టారో ఇన్సూరెన్స్ వాడు వచ్చి కొలుచుకుని వెళ్తాడు. మా గోదాముకు వచ్చాడు కూడా. బస్తాల కింద చెక్కలు వేశారా అని వంగి చూశాడు. పక్కనే ఉన్న గదుల వైపు తల తిప్పలేదు. అది ఆయన పని కాదు, ఆయన్ని అనడం లేదు.

న్యాయంగా చెప్పాలంటే ఈ దేశం గోను తర్వాత చాలా నేర్చుకుంది. 2015లో మస్కట్‌లో తుఫాన్లకూ సునామీలకూ కలిపి ముందస్తు హెచ్చరికల కేంద్రం పెట్టారు. షాహీన్ వచ్చినప్పుడు హెచ్చరికలు చాలా ముందే వచ్చాయి. ఆ తర్వాత బాతినాలో బురద ఎత్తడానికి దేశం నలుమూలల నుంచి ఒమనీలు పారలు పట్టుకుని వచ్చారు. తెల్ల దిష్‌దాషాలు మోకాళ్ల పైకి కట్టుకుని పరాయివాళ్ల ఇళ్లలో బురద తోడారు. అయినా నీళ్ల వేగం మనిషి అంచనాకు అందదు. 2024 ఏప్రిల్‌లో సమద్ అల్ షాన్ దగ్గర వాదీ పొంగి బడిపిల్లలు కొట్టుకుపోయారు. ఆ వార్త చదివిన రోజు మా ఆఫీసులో ఎవరూ మాట్లాడలేదు.

2025 డిసెంబర్ 18న మస్కట్‌లో భారత్, ఒమన్ సమగ్ర వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. సంతోషమే. సరుకు పెరిగితే మా బల్ల మీద కాగితాలూ పెరుగుతాయి, మీ చేతుల మీద బస్తాలూ పెరుగుతాయి. రెండు దేశాల వర్తక సంఘాల పెద్దలు ఇక ముందు ఇంకా తరచుగా కూర్చుంటారు. వాళ్లు కూర్చున్నప్పుడు రేవు ఎన్ని రోజుల్లో తెరవాలి, ఎల్‌సీ గడువు ఎన్ని రోజులు పొడిగించాలి అన్న లెక్కల పక్కన, వాదీ పక్కన ఉన్న క్యాంపులు ఎన్ని అన్న లెక్క కూడా ఒకటి పెట్టుకోమని మా కోరిక. ఇది దయ కోసం అడగడం కాదు. క్రేన్ నడిపేవాడు లేని రేవు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. షాహీన్ తర్వాత ఎన్నో కంపెనీలకు యంత్రాలు బాగానే ఉన్నాయి, మనుషులు తడిసిన పరుపులతో గదుల బయట కూర్చుని ఉన్నారు.

అప్పటి దాకా మన చేతిలో ఉన్నది మనం చూసుకుందాం. ఈసీఆర్ పాస్‌పోర్ట్ మీద ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వచ్చిన ప్రతి ఒక్కరికీ ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ ఉంటుంది. ఏజెంటు పాస్‌పోర్ట్‌తో పాటు చేతిలో పెట్టిన కాగితాల్లో అది ఉంటుంది, మనలో చాలామంది చూడకుండానే పెట్టె అడుగున పడేసి ఉంటారు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయల బీమా అది. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు, పైన పన్ను. ఒక బిర్యానీ ఖర్చు. చిక్కేమిటంటే రెండు మూడేళ్లకు అది తీరిపోతుంది, మనం మాత్రం ఎనిమిదేళ్లు, పదేళ్లు ఇక్కడే ఉంటాం. ఇక్కడ ఉండగానే ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసుకోవచ్చు. ఈ రాత్రే పెట్టె తెరిచి తేదీ చూడండి. నామినీ పేరు కూడా చూడండి. పెళ్లికి ముందు వచ్చినవాళ్లు చాలామందికి నామినీగా ఇంకా అమ్మ పేరో నాన్న పేరో ఉంటుంది. వాళ్లు లేకపోతే భార్యాపిల్లలు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. పాలసీ కాగితం ఫోటో తీసి ఇంటికి పంపండి. కాగితం మన పెట్టెలో ఉండి పెట్టె నీళ్లలో ఉంటే ఏం లాభం?

తుఫాను తర్వాత జీతం ఆగితే, "రేవు మూశారు, పార్టీ డబ్బు రాలేదు" అని కంపెనీ చెబితే, ఆ మాట నిజం కావచ్చు. పైన రాసిన కథ అదే కదా. కానీ నిజమైతే దానికి కాగితం ఉంటుంది. మర్యాదగా అడగండి, ఏ తేదీకి ఇస్తారో రాసి ఇమ్మనండి. ఒక నెల ఆలస్యం వేరు, అదే తుఫాను పేరు చెప్పి మూడో నెల కూడా ఆపడం వేరు. అలా జరిగితే మన ఎంబసీ వాళ్లు పెట్టే ఓపెన్ హౌస్‌కు వెళ్లండి. ఒక్కరు కాదు, నలుగురు కలిసి వెళ్లండి. జీతం పడే బ్యాంకు స్లిప్పులు వెంట తీసుకెళ్లండి.

జగిత్యాల తమ్ముడూ, నీ ప్రశ్నకు ఇంత పెద్ద జవాబు అయింది. భోజనాల దగ్గర చెప్పలేకపోయినందుకు ఏమీ అనుకోకు.

ఒక పని మిగిలింది. మీ క్యాంపు వాదీ పక్కన ఉందా, కొండ వాలు కింద ఉందా, పల్లంలో ఉందా అన్నది ఒక చీటీ మీద రాసి, ఈ పేపర్ పంచే కుర్రాడి చేతికి ఇవ్వండి. వాన పడితే నీళ్లు ముందు ఎటు నుంచి వస్తాయో, మెట్లెక్కి పోవడానికి ఎత్తైన చోటు ఎక్కడుందో కూడా రాయండి. తెలుగులో రాయండి, ఇంగ్లీషులోకి మేం మారుస్తాం. మీ పేరు అక్కర్లేదు, కంపెనీ పేరు, క్యాంపు ఉన్న చోటు చాలు. ఏ కంపెనీ చీటీ ఆ కంపెనీ సేఫ్టీ ఆఫీసర్ బల్ల మీదికి, తేదీ ముద్రతో సహా చేరేలా మేం చూస్తాం. కాగితాలు నడపడం మా పనే కదా.